అమ్మ పాటలకి బొమ్మలు: నోటి నుంచి తెర దాకా

తెలుగులో పిల్లల పాట కింద రాసినవాళ్ళ పేరు ఉండడం కొత్త అలవాటు. ఉయ్యాల పాట, కాళ్ళమీద కూచోబెట్టుకుని ఊపే పాట, వేళ్ళు లెక్కపెట్టే పాట, చెమ్మచెక్క పాట... ఇవన్నీ ఎవరు కట్టారని అడిగితే మన ఇళ్ళలో వచ్చే జవాబు ఒకటే: "మా అవ్వ పాడేది". ఆ అవ్వకి వాళ్ళవ్వ నేర్పింది. పాట మారుతూ వచ్చింది, పేరు మాత్రం ఎప్పుడూ లేదు.

అందుకే అమ్మ నోటుబుక్కులో ఉన్న 34 పాటల్ని బొమ్మలతో కదిలించాలని మేము ముగ్గురం, అంటే అక్క, తమ్ముడు, మధ్యలో మేము, కూచున్నప్పుడు మొదట తేల్చుకోవాల్సి వచ్చింది యానిమేషన్ సంగతి కాదు. ఇందులో అమ్మ కట్టినవి ఎన్ని, అమ్మ విని రాసుకున్నవి ఎన్ని? అమ్మ 2018లో పోయింది. అడగడానికి మనిషి లేదు. నోటుబుక్కులో ఏ పాట కిందా పేరు లేదు, తనదైనా సరే. చిన్నపిల్లల బడిలో టీచరుగా పాతికేళ్ళు పాడించిన మనిషికి పేరు రాసుకోవాలని తోచలేదంటే మాకేం ఆశ్చర్యం కాలేదు. కానీ తెర మీద పాట చివర ఒక పేరు వెయ్యాలి కదా. 'రచన' అని వెయ్యాలా, 'సేకరణ' అని వెయ్యాలా అన్నది తేలకుండా ఒక్క బొమ్మా గియ్యడానికి అక్క ఒప్పుకోలేదు.

దాంతో తెలుగు పిల్లల పాట ఎలా ప్రయాణం చేసిందో కొంత చదవాల్సి వచ్చింది. చదివింది మీతో కూడా పంచుకుందామని ఈ వ్యాసం. మన బెంగళూరు తెలుగువాళ్ళలో చాలా ఇళ్ళలో ఇలాంటి నోటుబుక్కులు బీరువా అడుగున ఉన్నాయని మాకు తెలుసు.

నోటి పాటని కాయితం మీదికి దించినవాళ్ళలో మనం మొదట తలుచుకోవాల్సింది వేటూరి ప్రభాకరశాస్త్రి గారిని (1888–1950). మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో తాటాకుల మధ్య పనిచేసిన పండితుడు. తిరుమల గుడిలో రాగిరేకుల మీద దొరికిన తాళ్ళపాక కీర్తనల్ని వెలికితీసి అచ్చు వేయించడంలో ఆయన శ్రమ అందరికీ తెలిసిందే. అంతటి పండితుడు పసిపిల్లల పాటల్ని కూడా పోగుచేసి 'బాలభాష' అని పేరు పెట్టారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చెయ్యడం మాకు ఎంత నచ్చిందో చెప్పలేం. పైగా ఆలోచిస్తే వింతేమీ కాదు. చందమామని పిలిచే పాట అన్నమయ్య పేరు మీదా ఉంది, ఏ పేరూ లేకుండా ప్రతి వాకిట్లోనూ ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఎవరికి వాళ్ళు చెప్పుకోవాల్సిందే. వేటూరి వారి రచనల్ని ఆయన పోయాక పట్టుదలగా అచ్చులోకి తెచ్చింది ఆయన కొడుకు వేటూరి ఆనందమూర్తి గారు. తండ్రి వదిలిపెట్టిన కాయితాల్ని దుమ్ము దులిపి పుస్తకాలు చెయ్యడం ఎంత ఓపిక పనో ఇప్పుడు మాకు కొంచెం తెలుసు.

ఇంకో తండ్రీకొడుకుల జత గిడుగు వారిది. రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడారు. కొడుకు వెంకట సీతాపతి గారు పిల్లల కోసం గేయాలు రాశారు. తండ్రి వాదించిన దాన్ని కొడుకు పాడి చూపించాడని మా తమ్ముడు అంటాడు. కొంచెం గొప్ప చేసి చెప్పిన మాటే గానీ, పిల్లల పాటలో గ్రాంథికం నిలబడదన్నది మాత్రం నిజం. నాలుగేళ్ళ బిడ్డ నోట పలకని మాట మరునాటికి పాటలో నుంచి దానంతటదే రాలిపోతుంది.

ఆ తర్వాత రేడియో వచ్చింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అక్కణ్ణించే న్యాయపతి రాఘవరావు గారు 'రేడియో అన్నయ్య', భార్య కామేశ్వరి గారు 'రేడియో అక్కయ్య' అయ్యారు. ఇద్దరూ కలిసి 1945లో 'బాల' పత్రిక పెట్టారు. ముళ్ళపూడి వెంకటరమణ గారి మొదటి కథ ఆ ఏడే 'బాల'లో వచ్చింది, బాపు గారి చిన్నప్పటి బొమ్మలూ ఆ పత్రికలోనే. అంటే తర్వాతి యాభై ఏళ్ళు తెలుగువాళ్ళ కంటికి తెలుగు బొమ్మ అంటే ఇలా ఉంటుందని అలవాటు చేసిన చెయ్యి పిల్లల పత్రికలోనే మొదలుపెట్టింది. రేడియో వల్ల ఇంకొకటి జరిగింది. పిల్లల పాటకి మొదటిసారి ఒక 'అసలు బాణీ' ఏర్పడింది. అంతకుముందు ఊరికో తీరు. రేడియోలో వచ్చాక అదే సరైన బాణీ అయిపోయి, ఇంట్లో అవ్వ పాడేది 'తప్పు' అయింది. ఇది మంచా చెడ్డా అంటే మా ముగ్గురికీ మూడు అభిప్రాయాలు ఉన్నాయి.

అమ్మది మదనపల్లె. ఆ ఊరికి పాటల చరిత్రలో ఒక చోటుంది, అమ్మ దాన్ని ప్రతి ఆగస్టు పదిహేనుకీ చెప్పేది కూడా. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకి వచ్చి ఉన్నప్పుడు 'జనగణమన'ని ఇంగ్లీషులోకి చేశారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకి స్వరం రాసిపెట్టారు. "మా ఊళ్ళో కూచుని ఎవరో ఆమె స్వరం రాసిపెట్టబట్టే గదా" అని అమ్మ అంటుండేది. అయితే తన పాటలకి మాత్రం స్వరం రాసుకోలేదు. మాకు మిగిలింది నోటుబుక్కు ఒకటి, అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి. క్యాసెట్టులో 17 పాటలు. మిగతా 17కి మాటలే ఉన్నాయి.

వేరుచెయ్యడం ఇలా చేశాం. పాత సంకలనాల్లో, జానపద గేయాల పుస్తకాల్లో కనపడిన పాటల్ని ఒక పక్క పెట్టాం. (తెలుగు జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు గారి పరిశోధన 1956 నాటిది. ఈ పని చేసేవాళ్ళు ముందు దాన్ని చూడ్డం మంచిది.) తర్వాత మదనపల్లె, వాయల్పాడు వైపు ఉన్న పెద్దమ్మలకి, పిన్నమ్మలకి ఫోన్లు చేసి పాడి వినిపించాం. "ఇది మేమూ పాడేదే" అన్నవి రెండో పక్క. చివరికి బెంగళూరు గుర్తులున్న పాటలు మిగిలాయి. కుళాయి, సిటీ బస్సు, బసవనగుడి పరిషె, కన్నడ టీచరు. ఇవి మదనపల్లె నుంచి వచ్చి ఉండే వీల్లేదు. అలా పదకొండు పాటలు ఖాయంగా అమ్మవే అని రాసుకున్నాం. ఏడు పాటలు పాత పాటలే గానీ అమ్మ చేతిలో మాటలు మారినవి. వాటికి 'అమ్మ పాడిన తీరు' అని వేస్తున్నాం. మిగతావి సేకరణ.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాం, చాలామంది అడుగుతుంటారు కాబట్టి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్ళు పోయిన ఏడు దాటి 60 ఏళ్ళు వాళ్ళ వారసులకి హక్కు ఉంటుంది. అమ్మ పాటల హక్కు 2078 చివరిదాకా మా ముగ్గురిదీ, ముగ్గురి సంతకాలూ కావాలి. నోటి పాటలు ఎవరివీ కావు, అందరివీ. కానీ ఒక సంగీత దర్శకుడు నోటి పాటకి కొత్త బాణీ కట్టి రికార్డు చేస్తే ఆ రికార్డుకి వేరే హక్కు పుడుతుంది. ఎక్కణ్ణించో దించుకున్న సంగీతం మీద మన బొమ్మలు ఆడిస్తే గొడవ వచ్చేది అక్కడే.

ఇక బొమ్మలు. పాటకి బొమ్మలాడించడం మనకి సినిమా వాళ్ళు నేర్పింది కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వెలుతురు దూరేటంత పల్చగా చేసి, రంగులేసి, భుజం, మోచెయ్యి, మణికట్టు విడివిడి ముక్కలుగా కోసి దారంతో ముడేస్తారు. తెర వెనక దీపం, పక్కన పాట. ఈ రోజు కంప్యూటర్లో 'కటౌట్ యానిమేషన్' అని చేసేది అచ్చంగా ఇదే పని. ముక్కలు కొయ్యడం, కీలు దగ్గర కలపడం, పాట ప్రకారం తిప్పడం. జర్మనీలో లొట్టె రైనిగర్ అనే ఆమె నల్ల అట్టల్ని కత్తెరతో కత్తిరించి 1926లో ఒక పూర్తి నిడివి సినిమానే తీసింది. దాన్ని చూసిన తెలుగువాడెవడికైనా తోలుబొమ్మలాట గుర్తు రాక మానదు.

సినిమా తెర మీద పాటకి బొమ్మల్ని అతికించిన తొలివాళ్ళలో అమెరికాలో ఫ్లైషర్ సోదరులున్నారు. 1924 నుంచి వాళ్ళు చిన్న చిన్న పాటల చిత్రాలు తీశారు. తెర కింద పాట మాటలు, వాటి మీద గెంతుతూ పోయే ఒక బంతి. బంతి ఏ మాట మీద పడితే హాల్లో జనమంతా ఆ మాట పాడాలి. అప్పటికింకా సినిమాకి మాటలే సరిగా రాలేదు, హాలంతా పాటలు మొదలయ్యాయి. మన దేశంలో చూస్తే, 1974లో ఫిలిమ్స్ డివిజన్ కోసం విజయా ములే గారు తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా'ని మించింది లేదు. బొమ్మలు భీమ్‌సేన్ గారివి. వేటగాడి వలతో సహా ఎగిరిపోయే పిట్టలు, పాట పాడే అక్క. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో పెరిగిన మా తరం మొత్తానికి అది నోటికొచ్చు. భీమ్‌సేన్ గారి అబ్బాయి కిరీట్ ఖురానా గారు కూడా యానిమేషన్‌లోనే ఉన్నారు. ఆ ఏడు నిమిషాల చిత్రాన్ని ఇప్పుడు చూస్తే గీతలు ఎంత తక్కువో! వెనక రంగు దాదాపు ఖాళీగా ఉంటుంది. అయినా కన్ను తిప్పుకోలేం. ఈ రోజుల్లో పిల్లల పాటల వీడియోల్లో తెర మీద ఖాళీ జానెడు చోటు కూడా ఉండదు, అన్నీ ఒకేసారి మెరుస్తూ ఉంటాయి. మాకు ఆ పాతదే నచ్చింది.

అలాగని ఇప్పటివాళ్ళని తీసిపారెయ్యలేం. తెలుగు పిల్లల పాటల్ని యానిమేషన్‌గా చేసి ఇంటింటికీ చేర్చిన ఇన్ఫోబెల్స్ ఉన్నది మన బెంగళూరులోనే. విజయవాడ, హైదరాబాదు పిల్లలు చూసి అన్నం తినే చిలకమ్మ, ఏనుగు ఇక్కడ తయారవుతున్నాయని మన వాళ్ళలోనే చాలామందికి తెలియదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుక్కి తెలుగులో వచ్చిన మొదటి పదిమాటలు అక్కణ్ణించి వచ్చినవే, అవ్వ దగ్గర్నించి కాదు. బాధ పడాల్సిన మాటా ఇది, దండం పెట్టుకోవాల్సిన మాటా ఇది.

కన్నవాళ్ళ పిల్లల పాటల్ని బిడ్డలు తిరిగి బతికించడం అంటే అందరికీ గుర్తొచ్చేది బెంగాల్లో రాయ్ వారి కుటుంబం. తాత ఉపేంద్రకిశోర్ 1913లో 'సందేశ్' పత్రిక పెట్టారు. కొడుకు సుకుమార్ రాయ్ పిచ్చి పిచ్చి సరదా పద్యాలు రాసి, బొమ్మలూ తనే గీసి, 1923లో 35 ఏళ్ళకే పోయారు. ఆయన 'ఆబోల్ తాబోల్' పుస్తకం ఆయన పోయిన కొద్ది రోజులకి బయటికొచ్చింది. అప్పటికి సత్యజిత్‌కి రెండేళ్ళు, తండ్రి గొంతు గుర్తుండే వయసు కాదు. ఆ సత్యజిత్ 1961లో 'సందేశ్'ని మళ్ళీ మొదలుపెట్టారు, 1969లో తాత కథని సినిమా తీశారు, 1987లో తండ్రి మీద డాక్యుమెంటరీ తీశారు. అందులో మాకు పట్టుకున్న విషయం ఇదీ: తండ్రి గీసిన బొమ్మలున్నాయి కాబట్టి సత్యజిత్ కొత్తవి గియ్యలేదు, ఆ గీతల్నే చూపించారు. మాకు ఆ సుఖం లేదు. అమ్మకి బొమ్మలు రావు. నోటుబుక్కు అంచుల్లో ఒక పిట్ట, రెండు ముగ్గులు, అంతే. అంటే అమ్మ పాటలో చెట్టు ఎలా ఉంటుందో మేమే తేల్చాలి.

చెట్టు అన్నామని కాదు గానీ, మొదటి తగాదా అక్కడే వచ్చింది. అమ్మ పాటలో 'యాపమాను' ఉంది. బెంగళూరులో పుట్టిన మా అక్క కూతురు (బొమ్మలన్నీ తనవే) 'మాను' అంటే జంతువు అనుకుని కొమ్ములు గీసింది. తప్పు తనది కాదు, కన్నడంలో జింక సంగతి ఏదో తలలో మెదిలి ఉంటుంది. మా సీమలో మాను అంటే చెట్టే. అలాగే చెనక్కాయ. కోస్తా వాళ్ళ వేరుశనగ, హైదరాబాదు వాళ్ళ పల్లీ, మాకు చెనక్కాయ. ఎక్కువమందికి అర్థమవ్వాలంటే పల్లీ అని మార్చేద్దామా అని తమ్ముడు అడిగాడు. అక్క ససేమిరా అంది. చివరికి తేలింది ఏమిటంటే, మాట మార్చక్కర్లేదు, బొమ్మ పక్కనే ఉంది కదా! 'చెనక్కాయ' అని వినపడుతున్నప్పుడు మట్టిలోంచి వేళ్ళతో సహా కాయల గుత్తి పైకి వస్తే ఏ ఊరి బిడ్డకైనా తెలిసిపోతుంది. యానిమేషన్ వల్ల మాకు దొరికిన అసలు లాభం ఇదే అనిపిస్తుంది. రేడియో సరైన బాణీని తెచ్చి ఊరి బాణీని మింగింది. బొమ్మ ఉంటే ఊరి మాటని అలాగే ఉంచుకోవచ్చు.

ఆ చెనక్కాయ పాట నిజానికి బసవనగుడి కడలెకాయి పరిషె గురించి. కార్తీకం చివరి సోమవారం దొడ్డ బసవన్న గుడి రోడ్డంతా చెనక్కాయ రాసులు. చుట్టుపక్కల పల్లెల రైతులు మొదటి పంట బసవన్నకి ఇచ్చేవాళ్ళు, చేలో పడి మేసే ఎద్దు గుడిలో రాయై కూచుందని కథ. అమ్మ పాటలో ఒక పిల్ల, రాతి బసవన్న చెవిలో "నీకెన్ని కావాలి" అని అడుగుతుంది. బసవన్న పలకడు. పిల్ల ఒకటి, రెండు అని తనే లెక్కపెట్టి పది దాకా పెట్టి, పదకొండోది తను తినేస్తుంది. అంకెలు నేర్పే పాట అన్నమాట. బసవన్నని కదిలించాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాం. కదిలించలేదు. చివర్లో పిల్ల వెనక్కి తిరిగాక ఒక్కసారి తోక ఊపుతాడు.

అమ్మవని ఖాయంగా తెలిసిన పాటల్లో అన్నిటికంటే గొప్పది నీళ్ళ పాట. బెంగళూరుకి నది లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హెసరఘట్ట నుంచి, 1933 నుంచి తిప్పగొండనహళ్ళి నుంచి అర్కావతి నీళ్ళు వచ్చేవి. ఊరు పెరిగి అవి చాలక, 1974లో మొదటిసారి కావేరి నీళ్ళు వచ్చాయి. కావేరి కింద ఉంది, ఊరు పైన ఉంది. దాదాపు నూరు కిలోమీటర్లు తీసుకొచ్చి, సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తుకి పంపులతో ఎక్కించాలి. తొరెకాడనహళ్ళి, హారోహళ్ళి, తాతగుణి అని మూడు చోట్ల పంపులు. అమ్మ పాటలో నీళ్ళు మూడు మెట్లు ఎక్కి, ఆయాసపడుతూ వచ్చి కుళాయి దగ్గర బిందెని "కాస్త కూచోనా" అని అడుగుతాయి. చిన్నప్పుడు అందరం పాడాం, మూడు మెట్లే ఎందుకో ఎప్పుడూ అడగలేదు. నోటుబుక్కులో ఆ పేజీకి ఒక పేపరు ముక్క అంటించి ఉంది, పంపు స్టేషన్ల పటం. బడిపిల్లలకి ఊరి నీళ్ళ పథకాన్ని నాలుగు చరణాల్లో చెప్పిన పాట అది. ఇలాంటి పాటకి బొమ్మ గియ్యాలంటే చరిత్ర తెలిసి ఉండాలి. లేకపోతే ఎవరైనా కొండ మీంచి దూకే జలపాతమే గీస్తారు. ఇక్కడ నీళ్ళు కిందినుంచి పైకి ఎక్కాలి, చేతులూ కాళ్ళూ పెట్టుకుని. పిల్లలు ఎక్కువగా నవ్వింది కూడా అక్కడే.

పని ఎలా జరిగిందో కొంచెం చెప్తాం, చేద్దామనుకునే వాళ్ళకి పనికొస్తుంది. ముందు క్యాసెట్టు. ఎస్పీ రోడ్డులో పాత డెక్కులు బాగుచేసే వాళ్ళు ఇంకా ఉన్నారు. బెల్టు కొత్తది వేయించి, తల శుభ్రం చేయించి, అప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించాలి. బెల్టు సాగి ఉంటే టేపు నిదానంగా తిరిగి గొంతు అర శ్రుతి దిగిపోతుంది, మనం అమ్మ గొంతు ఇంత బొంగురా అనుకుంటాం. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి, అది సరిచూడమని అడగండి.

తర్వాత లెక్క. సినిమా సెకనుకి 24 బొమ్మలు. అమ్మ చప్పట్లు వేస్తూ పాడింది కాబట్టి చప్పట్లు లెక్కపెట్టాం. నిమిషానికి ఇంచుమించు 60. అంటే చప్పట్టుకి 24 బొమ్మలు. నీళ్ళ పాటలో చప్పట్టుకి నాలుగు మాత్రలు. అంటే మాత్రకి ఆరు బొమ్మలు, లఘువుకి ఆరు, గురువుకి పన్నెండు. బళ్ళో ఛందస్సు చదివేటప్పుడు ఈ లఘువు గురువుల గోల ఎందుకని విసుక్కున్నాం. ఫ్లైషర్ వాళ్ళ బంతిని తెచ్చి తెలుగు అక్షరాల మీద గెంతించేటప్పుడు అదే అక్కరకొచ్చింది. ఇంగ్లీషులో బంతి మాట మీద పడుతుంది. తెలుగులో అక్షరం మీదే పడొచ్చు. గుణింతం, ఒత్తు అన్నీ కలిపి ఒక్క అక్షరం కదా. లఘువు మీద చిన్న గెంతు, గురువు మీద పెద్ద గెంతు. చదవడం రాని పిల్లకి కూడా 'కా' అనేది 'క' కంటే పొడుగని కంటికి తెలుస్తుంది.

అయితే మనిషి గడియారం కాదు. అమ్మ ప్రతి చరణం చివర నిదానించేది, నవ్వొస్తే ఇంకా నిదానించేది. 24 రావాల్సిన చోట 27, 29. సాఫ్ట్‌వేరులో గొంతుని సాగదీసి సమం చెయ్యొచ్చన్నారు. చెయ్యలేదు. గొంతు ప్రకారమే బొమ్మల్ని సర్దాం, చప్పట్టుకి చప్పట్టు. పని రెండింతలైంది. నోరు కదలిక ఇంకో తలనొప్పి. దొరికే రెడీమేడ్ నోళ్ళన్నీ ఇంగ్లీషు కోసం చేసినవి, మాట చివర నోరు మూసుకుపోతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచే ఉండాలి. మా అక్క కూతురు అద్దం ముందు కూచుని పాట పాడుకుంటూ ఎనిమిది నోళ్ళు గీసింది. అన్నీ బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులోనే. రెండు నిమిషాల పాటకి 2,880 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపితే 1,440. ఆ అమ్మాయికి ఉద్యోగం ఉంది, శని ఆదివారాలే తీరిక. నీళ్ళ పాటకి ఏడు నెలలు పట్టింది.

కింద పడే అక్షరాల గురించి ఒక మాట, ఇది బెంగళూరు వాళ్ళం కాబట్టి తోచింది. మా పిల్లల్లో తెలుగు చదవగలిగిన వాళ్ళు ఒక్కరే. మిగతావాళ్ళకి బళ్ళో కన్నడం వచ్చు. రోమన్ అక్షరాల్లో తెలుగు రాస్తే 'ళ'కీ 'ల'కీ, 'ణ'కీ 'న'కీ తేడా పోతుంది. కన్నడ లిపిలో రాస్తే ఏదీ పోదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. అందుకని పైన తెలుగు, కింద కన్నడ లిపిలో అదే తెలుగు పాట. పదిహేను నిమిషాల్లో పిల్లలు కింది వరుస చూస్తూ పై వరుస గుర్తుపట్టడం మొదలుపెట్టారు. తలకట్టు ఒక్కటే వేషం అని కనిపెట్టింది పదేళ్ళ మనవడు. వాడికి అవ్వ అంటే ఎవరో తెలియదు, 'అజ్జి' అంటాడు. పాటలో అవ్వ వచ్చినప్పుడల్లా "అజ్జి వచ్చింది" అంటాడు. సరే, అనుకోనీ.

బాణీ లేని 17 పాటల గురించి ఇంట్లో చాలా వాదన జరిగింది. ఇప్పుడు గొంతుని అచ్చు దించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. క్యాసెట్టులో ఉన్న ముప్పావుగంట చాలు, అమ్మ గొంతుతో మిగతా పాటలూ పాడించొచ్చని తమ్ముడు అన్నాడు. వినాలని ఎవరికి ఉండదు? అయినా అక్కా మేమూ వద్దన్నాం. బాణీయే తెలియనప్పుడు ఆ గొంతు పాడేది ఎవరి పాట? మేము కట్టిన బాణీని అమ్మ నోట పెట్టినట్టవుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత మా మనవళ్ళు అదే అసలనుకుంటారు. రచనకీ సేకరణకీ అంత జాగ్రత్తపడి, ఇక్కడ కలిపేస్తే ఎలా? అందుకని ఆ పాటలు వేరే పిల్లల చేత, 'కొత్త బాణీ' అని ముందే రాసి, పాడిస్తున్నాం. తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇప్పటికి నీళ్ళ పాట, చెనక్కాయ పాట పూర్తయ్యాయి. సిటీ బస్సు పాటకి బొమ్మలు నడుస్తున్నాయి. కొత్త బాణీలు కట్టేముందు ఒక్క పాట విషయంలో ఆగాం. నోటుబుక్కులో ఇరవై రెండోది, సంగటి ముద్ద చందమామతో పోట్లాడే పాట. అది అమ్మదో, మదనపల్లె పాత పాటో మాకు తేలలేదు. క్యాసెట్టులో లేదు. పెద్దమ్మకి మాటలు గుర్తున్నాయి, బాణీ గుర్తు లేదు. వ్యాళికావల్ తెలుగు విజ్ఞాన సమితికి వచ్చేవాళ్ళలో ఇద్దరు పెద్దవాళ్ళు విన్నట్టుందన్నారు గానీ పాడలేకపోయారు. మదనపల్లె, పుంగనూరు, వాయల్పాడు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ముద్ద తెల్లగా లేదని చందమామ వెక్కిరిస్తే ముద్ద ఏమని జవాబు చెప్తుందో ఒకసారి అడగండి. పాడితే ఫోన్లో రికార్డు చేసి దాచండి, చప్పట్లతో సహా.